పిచ్చి అక్షరాలు చదివే సీతారత్నం

రాజోలు మెయిన్ రోడ్డులో మందుల కొట్టు పైన మేడగదిలో బుచ్చిరాజుగారి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పదకొండు మిషన్లు. పొద్దున్న ఆరింటికి మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆ మేడ టకటకలాడుతూనే ఉండేది. ఇంగ్లీషు టైపుకి పిల్లలు ఎగబడేవారు గానీ, తెలుగు టైపంటే జంకేవారు. ఒక మీట నొక్కితే సగం అక్షరమే పడుతుంది. ఇంకోటి నొక్కితే గానీ దాని నెత్తిన గుడో, కింద వత్తో వచ్చి కూర్చోదు. సీతారత్నానికి మాత్రం అదే ముచ్చట. తొంభై మూడులో తెలుగు టైపు హయ్యరు పరీక్ష పాసయ్యి, నేర్చుకున్న చోటే నేర్పడానికి కుదురుకుంది. చూపు కాగితం మీద, వేళ్ళు మిషను మీద, చెవి పిల్లల మిషన్ల మీద. ఎవరి మీట తప్పు పడ్డా చప్పుడు బట్టే చెప్పేసేది.

ఆవిడ భర్త వీరబాబు ఏసీ మెకానిక్కు. పెళ్ళైన మూడో ఏడు దోహా వెళ్ళేడు. రెండేళ్ళకోసారి రావడం, నలభై రోజులుండి వెళ్ళిపోవడం. ఇంట్లో సీతారత్నం, అత్తగారు సూర్యావతి, కూతురు దుర్గాభవాని. ఉత్తరం రాస్తే అందడానికి మూడు వారాలు, జవాబు రావడానికి ఇంకో మూడు వారాలు. ఇక్కడ జ్వరం వచ్చి తగ్గిపోయి, మళ్ళీ వచ్చి తగ్గిపోయేక, 'జ్వరం ఎలా ఉంది' అని అక్కణ్ణించి అడిగేవాడు.

తొంభై తొమ్మిదికల్లా టైపు నేర్చుకునేవాళ్ళు పల్చబడిపోయేరు. బుచ్చిరాజుగారు ఆలోచించి ఆలోచించి, మిషన్లన్నీ అమ్మేసి మూడు కంప్యూటర్లు తెప్పించేరు. మరుసటి ఏడు టెలిఫోను లైను కలిపి నెట్ సెంటరని బోర్డు పెట్టించేరు. "అమ్మా, నాకీ పెట్టెల సంగతి తెలీదు. తాళం మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. తనకీ తెలీదని సీతారత్నం చెప్పబోయింది గానీ, అప్పటికే ఆయన మెట్లు దిగుతున్నారు.

నేర్చుకుంది. కంప్యూటరు మీటలు టైపు మిషను మీటల కన్నా మెత్తన, అదొక్కటే తేడా అనిపించింది. వీరబాబుకి మెయిలు పెట్టడం మొదలుపెట్టింది. అక్కడ వాళ్ళ క్యాంపు దగ్గరా ఒక నెట్ సెంటరుంది, ప్రతి శుక్రవారం వెళ్ళి చూసుకునేవాడు. కానీ మెయిల్లో తెలుగు రాదు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. అలా రాసింది చదువుతుంటే రాళ్ళ అన్నం తిన్నట్టుందని వీరబాబు ఫోన్లో చెప్పేడు.

ఆ మాట సీతారత్నాన్ని పట్టుకుంది. హైదరాబాదులో ఓ చిన్న కంపెనీ తెలుగు ఫాంటు సీడీ అమ్ముతోందని, దాంతో పేజీ రాసి నెట్‌లో పెడితే ఎక్కడ తెరిచినా తెలుగులోనే కనిపిస్తుందని పేపర్లో చదివింది. సీడీ తెప్పించింది. వెబ్ పేజీ రాసే పద్ధతి ఒక సన్నటి పుస్తకం చూసి నేర్చుకుంది. ఊరికే చోటిచ్చే ఓ అమెరికా కంపెనీ దగ్గర చోటు తీసుకుని, రెండు వేల ఒకటి ఫిబ్రవరిలో మొదటి పేజీ పెట్టింది. పైన 'రాజోలు కబుర్లు' అని పేరు. కింద పదకొండు లైన్లు. అత్తయ్యగారికి కళ్ళజోడు మార్పించాం. పాపకి లెక్కల్లో ఫస్టు మార్కు. పెరట్లో పనస కాపుకొచ్చింది.

శుక్రవారం వీరబాబు అది తెరిస్తే వెనక నలుగురు నిలబడి చదివేరట. ఒకాయనది మలికిపురం, ఒకాయనది ముమ్మిడివరం, ఇద్దరిది అల్లవరం. మా ఊరి సంగతులు కూడా వెయ్యమని మీ ఆవిడకి చెప్పండి అన్నారట. అలా పదకొండు లైన్లు ముప్ఫై అయ్యేయి, ఆ ముప్ఫై కాస్తా రెండేసి పేజీలయ్యేయి. అంబాజీపేటలో కొబ్బరి ధర, గోదావరి దాటించే పంటు తిరుగుతోందో లేదో, ఎవరింట్లో పిల్ల పుట్టింది, ఎవరి గేదె ఈనింది. కబుర్లు మోసుకొచ్చేది చేపలమ్మే ముత్యాలు. ఊరూరూ తిరిగే మనిషి. మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకుని మేడెక్కి, చెయ్యి కడుక్కుని, స్టూలు మీద కూర్చుని చెప్పుకుపోయేది. సీతారత్నం టైపు చేసుకుపోయేది. ఆదివారం మధ్యాహ్నం పేజీ ఎక్కించడం, ఆమెకి వారానికి అదే పండగ.

ఒక్కసారి మాత్రం పొరపాటు జరిగింది. రెండు వేల మూడులో అల్లవరం దగ్గర మార్తమ్మ అనే ఆవిడ పోయింది. ముత్యాలు చెప్పింది, సీతారత్నం వేసేసింది. మార్తమ్మ తమ్ముడు సాలమోను కువైట్లో డ్రైవరు. ఇంట్లోవాళ్ళు ఎలా చెప్పాలో తెలీక ఇంకా ఫోను చెయ్యలేదు. అతను శుక్రవారం పేజీ తెరిచి, కొబ్బరి ధర కింద అక్క చావుకబురు చూసేడు. రెండు రోజులు మెతుకు ముట్టలేదని గదిలోవాళ్ళు మెయిలు రాసేరు. సీతారత్నం ఆ మెయిలు చదివి, షట్టరు దించేసి ఇంటికెళ్ళిపోయింది. తరవాత క్షమించమని సాలమోనుకి రాసింది. జవాబు రాలేదు. ఆనాటి నించీ, ఇంట్లోవాళ్ళు ఫోను చేసి చెప్పేరని రూఢి అయితే గానీ చావుకబురు వెయ్యలేదు.

రెండు వేల ఆరు ఆగస్టులో గోదావరి పొంగింది. లంకలన్నీ మునిగేయి. కరెంటు పోయింది. బుచ్చిరాజుగారు తమ రైసు మిల్లు నించి జనరేటరు తెచ్చి మేడ కింద పెట్టించేరు. సీతారత్నం హైస్కూలుకీ, కల్యాణమండపానికీ తిరిగి, ఎవరెవరు క్షేమంగా చేరేరో పేర్లు రాసుకొచ్చి తొమ్మిది రోజులు రోజుకో పేజీ పెట్టింది. దోహాలో ఆ తొమ్మిది రోజులూ ఒకాయన పేర్లు చదువుతుంటే నలభై మంది కింద కూర్చుని వినేవారని వీరబాబు తరవాత చెప్పేడు.

ఆ మరుసటి ఏడు ఏప్రిల్లో, చోటిచ్చిన కంపెనీ నించి మెయిలొచ్చింది. అక్టోబరు నించి ఈ సేవ ఆపేస్తున్నాం, మీ పేజీలు మీరు తీసుకోండి, తరవాత అన్నీ చెరిపేస్తాం అని. సీతారత్నం దగ్గర అన్నీ ఫ్లాపీల్లో ఉన్నాయి. తీసి చూస్తే సగానికి బూజు. కోనసీమ చెమ్మకి ఇనుమే ఆగదు, ఫ్లాపీలెంత. ఫాంటు సీడీకి కూడా తెల్లటి మచ్చలు పట్టేయి. పాత కంప్యూటరు హార్డ్ డిస్కు వరదల తరవాతే పోయింది. ఫాంటు కంపెనీకి ఫోను చేస్తే ఎవరో పచ్చళ్ళ కొట్టువాళ్ళు ఎత్తేరు.

పోతే పోయింది, ఫాంటు లేందే దింపుకున్నా ఎవరు చదువుతారు, వారం వారం వార్తలకి నిలవెందుకు అనుకుంది. అలా అనుకున్న నాలుగు రోజులకి ఇంకో మెయిలొచ్చింది. రాసినమ్మాయి పేరు కావ్య. సొంతూరు కొత్తపేట, హైదరాబాదు యూనివర్సిటీలో గల్ఫు వలసల మీద పరిశోధన చేస్తోంది. మీ పేజీలన్నీ నేను దింపి దాచేనండి, కానీ ఒక చిక్కొచ్చింది, జులైలో మాదొక సమావేశం ఉంది, మీరు తప్పకుండా రావాలి అని రాసింది. వెబ్ పేజీలు పాడవకుండా దాచేవాళ్ళూ, పాత పుస్తకాలూ శాసనాలూ కంప్యూటరు ఎక్కించి చదివేవాళ్ళూ రెండు రోజులు కలుసుకుంటారట.

సీతారత్నం రెండుసార్లు చదివి అత్తగారికి చెప్పింది. సూర్యావతి వక్క నములుతూ వింది.

"పోయిన కబుర్లు దాచుకోడానికి సంఘం కూడా ఉందా" అంది.

"ఉందటండి, అత్తయ్యగారూ."

"అయితే వెళ్ళిరా. పాపని నేను చూసుకుంటాను. నా పట్టుచీర కట్టుకెళ్ళు, నీవన్నీ వెలిసిపోయేయి."

రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య అరగంట నిలబడి, హైదరాబాదు బస్సెక్కి, తెల్లారేసరికి దిగింది. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. పేరు రాసిన అట్టముక్క మెడలో వేస్తూ, ఏ సంస్థ అని అడిగేరు. నెట్ సెంటరు, రాజోలు అని చెప్పింది. ఆ రాసే కుర్రాడు తలెత్తి చూసి, అలాగే రాసేడు.

హాల్లో నలభై యాభై మంది. ఢిల్లీ నించి వచ్చినవాళ్ళు, మదురై నించి వచ్చినవాళ్ళు. అంతా ఇంగ్లీషు. ఒకాయన వెబ్ పేజీల ఆయుష్షు సగటున నూరు రోజులు కూడా లేదన్నారు. ఇంకొకావిడ అన్నీ దాచెయ్యాలంది. వేరొకాయన ఏరి దాచాలన్నారు. కాసేపు గట్టిగానే వాదించుకుని, టీ విరామంలో ఒకే ప్లేటులో బిస్కట్లు తిన్నారు. అది చూసేక సీతారత్నానికి కొంచెం బెరుకు తగ్గింది. అర్థం కాని మాటలు పక్కన కూర్చున్న కావ్య చెవిలో చెబుతోంది. పేజీలు దింపే ప్రోగ్రాం ఒక లింకు పట్టుకుని ఇంకో లింకుకి పాకుతుందని చెబితే, ఆనపపాదులాగన్నమాట అనుకుంది సీతారత్నం.

మధ్యాహ్నం కావ్య వంతు. ఆ అమ్మాయి లేచి, రాజోలు కబుర్లు మూడు వందల చిల్లర పేజీలు దింపేనని చెప్పి, ఒకటి తెర మీద వేసింది. తెరంతా పిచ్చి అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల నెత్తిన టోపీలు, చుక్కలు, పక్కన డాలరు గుర్తులు, ఒంకర గీతలు. ఫాంటు కంపెనీ మూతపడి వాళ్ళ సైటు నించి రావాల్సిన ఫాంటు దొరకడంలేదని, ఏ గుర్తుకి ఏ అక్షరమో చెప్పే పట్టిక ఎక్కడా లేదని, పేజీలు దక్కించుకున్నాం గానీ వాటిలో ఏముందో చదవలేకపోతున్నామని కావ్య సభకి చెప్పింది.

సీతారత్నం తెర వంక చూసింది. పెదవులు వాటంతటవే కదిలేయి.

"ఆగస్టు తొమ్మిది, సాయంత్రం ఆరు గంటలు" అంది. ముందు వరసలోవాళ్ళు తిరిగి చూసేరు.

అధ్యక్షత వహించిన కృపానందంగారు పెద్ద లైబ్రేరియను, తెలుగాయనే. చెయ్యెత్తి అందరినీ ఆగమని, "ఏమన్నారమ్మా" అని అడిగేరు.

"అక్కడున్నదే చదివేనండి."

"ఆ గుర్తుల్లోనా?"

"ఆయ్."

"కొంచెం ముందుకొచ్చి చదవండి."

సీతారత్నం లేచి వెళ్ళి తెర పక్కన నిలబడింది. పట్టుచీర చెంగు బొడ్లో దోపుకుని, వేలితో లైను చూపిస్తూ చదివింది. రాజోలు హైస్కూలు, అయిదో నెంబరు గది. రాఘవులు, భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ఆవు, క్షేమం. దుర్గారావు తల్లిగారు, జ్వరం, మందులిచ్చేరు, భయం లేదు. దొరబాబుగారి పడవ రేపు పొద్దున్న మళ్ళీ లంకకి వెళ్తుంది, ఇంకా రానివాళ్ళుంటే కబురు పంపండి. ఆ పేజీ మొత్తం ఎక్కడా ఆగకుండా చదివింది. ఆమె ఒక్కో లైనూ చదువుతుంటే కావ్య దాన్ని ఇంగ్లీషులో చెబుతోంది. ఒక ఆవు దగ్గర ఎవరో నవ్వబోయి ఆగిపోయేరు.

ఎలా వచ్చిందీ విద్య అని కృపానందంగారు అడిగేరు. ఇందులో విద్యేముందండి అంది సీతారత్నం. పేజీలో తప్పులు దిద్దాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవాలి, అందులో తెలుగు కనపడేది కాదు, ఇవే కనపడేవి. ఆరేళ్ళు వీటినే చూసింది. వై మీద రెండు చుక్కలుంటే 'రా', ఎస్ పక్కన ఒంకర గీతుంటే 'క్షే'. టైపు మిషను మీద సగం అక్షరాలు చూసినవాళ్ళకి ఇదేమంత కష్టం కాదు. మొత్తం నూట ఎనభై గుర్తులుంటాయి, కాగితం ఇస్తే రాసిస్తానంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె తిన్నది తక్కువ, రాసింది ఎక్కువ. ఢిల్లీ నించి వచ్చిన కంప్యూటరాయన ఆ కాగితాలు తీసుకుని మర్నాటికల్లా ఒక ప్రోగ్రాం రాసేడు. మొదటిసారి వేస్తే 'శ' ఉండాల్సిన చోటల్లా 'ళ' పడింది. వత్తులు ముందొచ్చి అక్షరాలు వెనకొచ్చేయి. ఆయన, సీతారత్నం, కావ్య ముగ్గురూ మూడు గంటలు కూర్చుని సరిచేసేరు. సాయంత్రానికి రెండు వేల ఒకటి ఫిబ్రవరి పేజీ, పనస కాపుకొచ్చిన సంగతితో సహా, ఏ కంప్యూటర్లోనైనా చదివేలా తెలుగులో తెరుచుకుంది. సీతారత్నం దాన్ని చూసి మొట్టమొదట అన్న మాట, రెండు తప్పులున్నాయండి, దిద్దుతాను అని.

కృపానందంగారు వద్దన్నారు.

"నా పేరు మీద తప్పులుంటాయి కదండీ."

"ఉండాలమ్మా. ఆ రోజు దోహాలో చదివినవాళ్ళు తప్పుల్తోనే చదివేరు. మనం దాచేది అదే."

టైపు పరీక్షల్లో తప్పుకి ఇన్నేసి మార్కులు కొట్టేసిన చెయ్యి అది. ఒప్పుకోడానికి కష్టమయింది. కానీ ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందని తోచి ఊరుకుంది. ఇంకో సంగతి మాత్రం ఊరుకోలేదు. రెండు వేల మూడు పేజీలో ఒక చావుకబురుంది, అది తీసెయ్యాలి అంది. ఎందుకని అడిగితే సాలమోను సంగతి సభలో నిలబడి తెలుగులో చెప్పింది, కావ్య ఇంగ్లీషులో అందించింది. అన్నీ దాచాలన్నావిడ, ఏరి దాచాలన్నాయన, ఈసారి ఇద్దరూ కృపానందంగారి వంకే చూసేరు. చివరికి కృపానందంగారే, అది మనం తేల్చేది కాదు, ఆ మనిషినే అడుగుదాం, అడిగేదాకా ఆ పేజీ మూసి ఉంచుదాం అన్నారు.

రాజోలు తిరిగొచ్చేక సీతారత్నం ముత్యాలుని తీసుకుని అల్లవరం వెళ్ళింది. సాలమోను రెండేళ్ళ కిందటే వచ్చేసేడట. రొయ్యల చెరువు దగ్గర మోటారు బాగుచేస్తూ కనిపించేడు. చేతులు తుడుచుకుని, నీడకి కుర్చీ వేసి కూర్చోబెట్టేడు. ఆమె నాలుగేళ్ళుగా మోస్తున్నది ఆమాటా ఈమాటా లేకుండా చెప్పేసింది. ఆ వార్త తీసేయిస్తానంది.

సాలమోను చేతిలో గుడ్డ మోటారు మీద పడేసి, ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

"అప్పుడు మీ మీద కోపమొచ్చిన మాట నిజమేనండి. అందుకే జవాబు రాయలేదు. తీసెయ్యకండి. మా అక్క బడికెళ్ళలేదు, ఓ ఫొటో లేదు. రేషను కార్డులో తప్ప ఆవిడ పేరు రాసి ఉన్న చోటు ఇంకోటి లేదు. ఉండనివ్వండి."

మీరు వేసింది ఇంటి పేరు లేకుండా వేసేరు, అది ఒక్కటి చేర్చగలరా అని అడిగేడు. పాతది మార్చకూడదటండి, కానీ కింద వేరే లైను రాసి నేడు రాసేమని తేదీ వెయ్యొచ్చు అని సీతారత్నం చెప్పింది. అలాగే చేసింది. ఇంటికొచ్చి ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నానని ఆమె తరవాత కావ్యకి చెప్పుకుంది.

అక్టోబరులో అమెరికా కంపెనీ అన్నంత పనీ చేసి, పేజీలన్నీ చెరిపేసింది. అప్పటికి కబుర్లన్నీ యూనివర్సిటీ సర్వరులో భద్రంగా ఉన్నాయి. వీరబాబు మరుసటి ఏడు వీసా రద్దు చేసుకుని వచ్చేసి, నెట్ సెంటరు కిందే, మందుల కొట్టు పక్క గదిలో ఏసీల రిపేరు కొట్టు పెట్టేడు. పైన ఆవిడ, కింద ఆయన. ఎనిమిదేళ్ళు మెయిళ్ళలో మాట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు మెట్ల మీంచి అరిచి మాట్లాడుకుంటున్నారని ముత్యాలు నవ్వేది.

రెండు వేల తొమ్మిది నవంబరులో ఆ సంఘంవాళ్ళ సమావేశం మళ్ళీ జరిగింది, ఈసారి అమలాపురంలో. ఇక్కడ పెట్టించింది కృపానందంగారే. ఓ కల్యాణమండపం మేడ మాట్లాడేరు. వచ్చినవాళ్ళకి పొద్దున్నే అంబాజీపేట పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. పనసాకు బుట్టలో ఇడ్లీ ఎలా నిలబడిందని ఢిల్లీ కంప్యూటరాయన ఒకటి విప్పి ఫొటో తీసుకున్నాడు. సూర్యావతి కూడా కొడుకుతో వచ్చి, వెనక వరసలో ఫ్యాను కింద కూర్చుని, కోడలి పేరు మైకులో పిలిచినప్పుడల్లా పక్కావిడ వంక చూసింది. సీతారత్నం ఒక గంట పాఠం చెప్పింది. ఈసారి కట్టుకున్నది సొంత చీరే. ఊరి కబుర్లు దాచేవాళ్ళు ముందు ఎవరినడగాలి, ఏది ఎప్పుడు బయటపెట్టాలి అన్నదే పాఠం.

రెండో రోజు భోజనాలవేళ మదురై నించి వచ్చినావిడ ఒక లాప్‌టాప్ పట్టుకుని దగ్గరకొచ్చింది. తమ ఊరి నేతగాళ్ళ సంఘం పెట్టిన పాత పేజీలట, ఏదో పాత తమిళ ఫాంటు, చదవడం ఎవరికీ రావడంలేదట. సీతారత్నానికి తమిళం ఒక్క ముక్క రాదు. ఆ మాటే తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. చెప్పి, పేజీని తన వైపు తిప్పుకుని, ఎక్కువసార్లు వచ్చే గుర్తు ఏదో చూద్దాం, మీ భాషలో ఎక్కువసార్లు వచ్చే అక్షరమేదో మీరు చెప్పండి అంది. ఇద్దరూ వరండా చివర బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డనవాళ్ళు రెండుసార్లొచ్చి పిలిచేరు. మూడోసారి విస్తళ్ళు అక్కడికే తెచ్చేరు. ఎడం చేత్తో కాగితం కదలకుండా అదిమిపెట్టి, కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ, సీతారత్నం ఆ కొత్త గుర్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.